గొట్టం ఆమె ఒంట్లో, సంతకం ఎవరిది?



స్త్రీల ఆరోగ్యం అనగానే మనం కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి, గర్భసంచి తొలగింపుల గురించి మాట్లాడుతూ వచ్చాం. మాట్లాడాల్సిందే. ఈ రోజు మాత్రం నేను ఒక సన్నని గొట్టం గురించి చెప్పదలచుకున్నాను.

రొమ్ము కాన్సర్‌కి కీమో ఎక్కించేటప్పుడు కొన్ని మందుల ఘాటుకి చేతి మీది చిన్న సిరలు దెబ్బతింటాయి. అందుకని మెడ దగ్గర నుంచో, మోచేతి పైభాగం నుంచో పెద్ద సిరలోకి గొట్టం పంపి, కొసను గుండె దగ్గర దాకా తీసుకువెళతారు. ఇదే సెంట్రల్ లైన్. చేతి నుంచి వేస్తే పిక్ లైన్ అంటారు. చాలామందికి ఇది తప్పనిసరి. నేను దానికి వ్యతిరేకిని కాను.

కానీ దాని చుట్టూ రక్తం గడ్డకట్టవచ్చు. సిర గోడకి గాయం కావడం, రక్త ప్రవాహం మందగించడం, రక్తానికే గడ్డకట్టే గుణం పెరగడం: విర్కో పేరుతో వైద్య విద్యార్థులు చదివే మూడు కారణాలివి. మొదటి రెండూ గొట్టంతో వస్తాయి. మూడోది కాన్సర్‌తోనే వస్తుంది. టామాక్సిఫెన్, ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు, గర్భం, ప్రసవం తర్వాతి వారాలు కూడా దాన్ని పెంచుతాయి. సన్నని సిరలో లావు గొట్టం పెడితే ప్రమాదం మరీ ఎక్కువ. మిగతా సెంట్రల్ లైన్లతో పోలిస్తే పిక్ లైన్లతో గడ్డల ముప్పు సుమారు రెండున్నర రెట్లని 2013లో లాన్సెట్ పత్రికలో వచ్చిన విశ్లేషణ తేల్చింది. మరి లైన్ వేసేముందు "మాత్రలు వాడుతున్నావా, ఇంతకుముందెప్పుడైనా గడ్డ కట్టిందా?" అని ఆమెను ఎంతమంది అడుగుతున్నారు?

గడ్డ కట్టినా ఒక్కోసారి ఏ లక్షణమూ కనిపించదు. కనిపిస్తే, లైన్ ఉన్న చెయ్యి బరువెక్కుతుంది, గాజులు బిగుస్తాయి, జాకెట్టు చెయ్యి పట్టదు. మెడా భుజమూ నొప్పి పెడతాయి. "బరువులెత్తి ఉంటావు" అని ఇంట్లో వాళ్లు అనేస్తారు. ఆపరేషన్ అయిన వైపు వాపేలే అని ఆమే సరిపెట్టుకుంటుంది. సాధారణంగా లైన్ రెండో చేతికే వేస్తారన్నది ఇక్కడ గుర్తుంచుకోవాలి. డాప్లర్ స్కాన్‌తో చాలావరకు తెలిసిపోతుంది. గడ్డకట్టకుండా చేసే మందులు కనీసం మూడు నెలలు ఇస్తారు. పనిచేస్తున్న లైన్‌ని ప్రతిసారీ తీసెయ్యనక్కర్లేదు కూడా. ఆయాసం, ఛాతీ నొప్పి వస్తే మాత్రం గడ్డ ముక్క ఊపిరితిత్తులకి చేరిందేమోనని అనుమానించి, క్షణం ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఇవన్నీ ఆమెకి ముందే చెప్పాలి. చెప్పేది భర్తకి, సంతకం పెట్టేది అన్నగారు. ఆమె స్పృహలోనే, పక్క మంచం మీదే ఉంటుంది! 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చిచెప్పింది. మత్తులో ఉన్న ఆమె తల్లి చేత సంతకం చేయించుకుని గర్భసంచి, అండాశయాలు తీసేసిన కేసది. నిర్ణయించుకోగల వయోజనురాలి విషయంలో, ప్రాణాపాయం లేనప్పుడు, ఆమె అంగీకారమే కావాలి. ప్రమాదాలేమిటో, వేరే మార్గాలేమున్నాయో చెప్పాకే తీసుకోవాలి.

ఆస్పత్రికి తోడుగా వెళ్లే మన కార్యకర్తలు ఇంగ్లీషు పత్రాన్ని తెలుగులో చదివి వినిపించమని అడగండి. ఏ రకం లైన్, ఎందుకు, ఎప్పుడు తీస్తారు, రాత్రిపూట చెయ్యి వాస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలి? జవాబులు ఆమె చేతి కాగితం మీద రాయించండి.