అమెరికా అదృష్టచీటి: ఎంపిక వేఱు, ప్రవేశము వేఱు
(సంఘ సభ్యుల సమావేశమున చేయబడిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వోద్యోగులకు చీటీలు తీయు పద్ధతి క్రొత్తది గాదు. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 1979వ సంవత్సరమున ఇండ్లకొఱకు పేర్లు నమోదు చేసికొన్నప్పుడు రసీదు పుచ్చుకొన్నవారిలో పెక్కుమంది ఇల్లు దక్కుటకు దశాబ్దములు వేచియుండిరి. రసీదు చేతికి వచ్చుట వేఱు, తాళపుచెవి చేతికి వచ్చుట వేఱు అని ఆ పథకము ఒక తరమువారికి నేర్పినది. నేటి ప్రసంగ విషయమును అటువంటి చీటియే. కాని ఇది ఇంటికొఱకు గాదు, దేశముకొఱకు. అమెరికా సంయుక్త రాష్ట్రములలో స్థిరనివాసపు హక్కు నొసగు గ్రీన్ కార్డును లాటరీ మూలమున పంచు పథకమునకు డైవర్సిటీ వీసా అని పేరు. లోకము దానిని డీవీ యని పిలుచుచున్నది.

మొట్టమొదట ఒక సంగతి స్పష్టముగా చెప్పవలసియున్నది. భారతదేశమున పుట్టినవారికి సామాన్యముగా ఈ లాటరీలో ప్రవేశము లేదు. 1995వ సంవత్సరపు తొలి పథకము మొదలు భారతదేశము అర్హదేశముల జాబితాలో చేరియుండలేదు. అట్లయిన తెలుగువారి సభలో దీని ప్రసక్తి యేల యని ప్రశ్న రావచ్చును. అందుకు రెండు కారణములు గలవు. ఈ చట్టము పౌరసత్వమును గాక జన్మస్థలమును చూచును. కువైట్, మస్కట్, దుబాయి నగరములలో ఉద్యోగము చేసిన తెలుగు దంపతులకు అక్కడ పుట్టిన బిడ్డ భారతీయ పాస్‌పోర్టు గలదైనను, ఈ చట్టము దృష్టిలో ఆ దేశపు బిడ్డయే. మలేషియాలోను, మారిషస్‌లోను పుట్టిన తెలుగువారి స్థితియు నట్టిదే. అర్హదేశమున పుట్టిన వ్యక్తిని వివాహమాడినవారు, దంపతు లిరువురును కలిసి వలస పోవునట్లయిన, ఆ జీవిత భాగస్వామి జన్మదేశమును ఆధారముగ చూపవచ్చును. ఇది మొదటి కారణము. ఏ అర్హతయు లేనివారికి గూడ “మీ పేరు అమెరికా లాటరీలో పడినది” అను మోసపు లేఖలు వచ్చుచుండుట రెండవ కారణము.

ఈ పథకము పుట్టుక విచిత్రమైనది. 1965వ సంవత్సరపు వలస చట్టము జాతులవారీ కోటాలను రద్దు చేసి బంధుత్వమునకు, వృత్తి నైపుణ్యమునకు ప్రాధాన్య మొసగినది. దాని ఫలితముగ ఆసియా, లాటిన్ అమెరికా ఖండముల నుండి వలస పెరిగి, ఐరోపా నుండి తగ్గినది. ఐర్లండు వంటి దేశములవారు తమకు ద్వారము మూసికొనిపోయినదని మొరపెట్టుకొనిరి. వారిని దృష్టిలో నుంచుకొని 1980వ దశకపు చివరిభాగమున తాత్కాలిక పథకములు పెట్టబడినవి. 1990వ సంవత్సరపు చట్టము క్రింద సంధికాలమునకై ఏర్పడిన పథకములో నూటికి 40 వీసాలు ఐర్లండు దేశస్థులకే ప్రత్యేకింపబడినవి. 1991 అక్టోబరులో ముందు అందిన దరఖాస్తుకు ముందు స్థానము అను నియమముండుటచేత వర్జీనియా రాష్ట్రములోని మెరిఫీల్డు తపాలా కార్యాలయమునకు లక్షలకొలది ఉత్తరములు కుప్పలుగా వచ్చి పడినవి. ఒక్కొక్కరు వందలకొలది కవరులు వేసిరి. 1995 నుండి శాశ్వత పథకము నడచినది. ఐరోపావారికై త్రవ్విన కాలువలో క్రమముగా ఆఫ్రికా, నేపాలు, ఉజ్బెకిస్తాను ప్రజల నీరు పాఱినది. చట్టము చేసినవారి యుద్దేశ మొకటి, చట్టము నడచిన త్రోవ మఱియొకటి.

చట్టము నిర్ణయించిన వీసాలు సంవత్సరమునకు 55,000. ఇతర చట్టములచేత కొన్ని కోతపడుటయు గలదు. ఏ యొక్క దేశమునకును నూటికి 7కు మించి యీయరాదు. గడచిన అయిదేండ్లలో బంధుత్వ, ఉద్యోగ మార్గముల ద్వారా 50,000 మందికి మించి వలస పంపిన దేశము జాబితా నుండి తొలగును. ఆ కారణముననే బంగ్లాదేశ్ 2013వ సంవత్సరపు పథకము నుండి, నైజీరియా 2015వ సంవత్సరపు పథకము నుండి తొలగింపబడినవి. దరఖాస్తుదారునకు పన్నెండు సంవత్సరముల పాఠశాల విద్య యుండవలెను; లేదా రెండేండ్ల శిక్షణ కోరు వృత్తిలో గత అయిదేండ్లలో రెండేండ్ల అనుభవ ముండవలెను. ఒక మనిషికి ఒక్క దరఖాస్తే. రెండవది వేసినచో రెండును చెల్లవు. భార్యాభర్తలు అర్హులైనచో ఎవరిది వారు వేఱువేఱుగా పెట్టవచ్చును. దరఖాస్తులో భాగస్వామి పేరు గాని, ఇరువది యొకటి నిండని అవివాహిత సంతానము పేరు గాని విడిచిపెట్టినచో తరువాత ఇంటర్వ్యూలో ఆ కుటుంబమంతటికిని వీసా నిరాకరింపబడును.

ఇక సంఖ్యలను చూడుడు. 2025వ సంవత్సరపు పథకమునకు 2023 అక్టోబరు 4 నుండి నవంబరు 7 వఱకు దరఖాస్తులు స్వీకరింపబడినవి. అర్హమైనవిగా లెక్కకు వచ్చినవి 1,99,27,656. ఎంపికైనవారు, వారి భార్యాబిడ్డలతో కలిపి, సుమారు 1,31,060 మంది. వీసాలో, హెచ్చుపక్షము 55,000. అనగా ఎంపిక జాబితాలోనే సగముకంటె ఎక్కువమందికి చోటు లేదు. కొందఱు మానుకొందురనియు, కొందఱు అనర్హులగుదురనియు ఊహించి అధికారులు తెలిసియే ఎక్కువమందిని ఎన్నుకొందురు.

దీని స్వభావము ఈ సభలోనివారికి సులభముగ బోధపడును. ఎంపిక జాబితాలో పేరుండుట నియామకపు హక్కు గాదని మన సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము 1991లో శంకర్సన్ దాష్ కేసులో చెప్పినది. డీవీ ఎంపికయు నంతియే. ఎన్నికైనవానికి ఒక సంఖ్య వచ్చును. ఆ సంఖ్యలో సంవత్సరము, ఖండము, వరుస స్థానము ఉండును. అతడు డీఎస్ 260 అను ఫారమును నింపవలెను. విద్యార్హత పత్రములు, జన్మపత్రము, పోలీసు ధ్రువపత్రములు కూర్చుకొనవలెను. ప్రతి నెలయు వెలువడు వీసా బులెటిన్‌లో ఖండములవారీగా ఒక హద్దు సంఖ్య ప్రకటింపబడును. తన సంఖ్య ఆ హద్దుకు లోబడినపుడే ఇంటర్వ్యూకు పిలుపు. పెద్ద సంఖ్య వచ్చినవానికి పిలుపే రాకపోవచ్చును. పిలుపు వచ్చినచో వైద్య పరీక్ష జరుగును. మనిషికి 330 డాలర్ల రుసుము చెల్లించవలెను. వీసా నిరాకరింపబడినను ఆ సొమ్ము తిరిగి రాదు.

వీని యన్నిటికిని మించిన కష్టము గడువు. మన కార్యాలయములలో మార్చి 31వ తేదీన ఖర్చుగాని గ్రాంటు మురిగిపోవుట అందఱెఱిగినదే. అమెరికా ఆర్థిక సంవత్సరము సెప్టెంబరు 30తో ముగియును. ఆ రాత్రితో ఆ సంవత్సరపు డీవీ హక్కు సర్వము మురిగిపోవును. ఫైలు పూర్తి కాలేదనియు, విచారణ ముగియలేదనియు, ఆలస్యము కార్యాలయముదే యనియు చెప్పికొన్నను ప్రయోజనము లేదు. మఱుసటి సంవత్సరమునకు బదలాయింపు లేదు.

గడచిన పదునైదేండ్లలో మూడు ఉదంతములు ఈ యనిశ్చితిని చక్కగ చూపును.

మొదటిది 2011వ సంవత్సరము నాటిది. మే నెల 1వ తేదీన ఫలితములు వెలువడగా ఇంచుమించు 22,000 మంది తాము ఎంపికైతిమని వెబ్‌సైటులో చూచుకొని సంతోషించిరి. రెండు వారములైనను గడవకముందే ఆ ఫలితములు రద్దయినవి. కంప్యూటరు ప్రోగ్రాములోని లోపముచేత ఎంపికైనవారిలో అత్యధికులు తొలి రెండు దినములలో దరఖాస్తు పెట్టినవారే యైరి. చట్టము కోరినది యాదృచ్ఛికమైన ఎంపిక. జరిగినది అది కాదు. ఆ యభాగ్యులు న్యాయస్థానమున కెక్కిరి, ఫలితము లేకపోయెను. జూలైలో క్రొత్త చీటి తీయబడినది.

రెండవది 2020 నాటిది. మహమ్మారి కారణముగ దౌత్య కార్యాలయములు మూతపడినవి. వలసను నిలుపు ఉత్తర్వులు వచ్చినవి. సెప్టెంబరు 30 సమీపించుచుండగా వాషింగ్టను న్యాయస్థానము ఎంపికైనవారి దరఖాస్తులను త్వరగా పరిష్కరింపుడని ఆదేశించినది. కొందఱు గట్టెక్కిరి. వేలమందికి వీసాలు ప్రత్యేకించి యుంచవలెనని న్యాయస్థానము చెప్పినను, 2024లో అప్పీలు న్యాయస్థానము గడువు దాటిన పిమ్మట వీసా నిప్పించు అధికారము న్యాయస్థానములకు లేదని తీర్పు చెప్పినది. నాలుగేండ్లు మినుకుమినుకుమన్న ఆశ యంతటితో ఆఱిపోయెను.

మూడవది 2025 నాటిది. అంతవఱకు ఉచితమైన దరఖాస్తునకు ఒక డాలరు రుసుము విధించు నిబంధన ఆ సెప్టెంబరులో వెలువడినది. డిసెంబరులో బ్రౌన్ విశ్వవిద్యాలయమున కాల్పులు జరిగినవి. అనుమానితుడు ఈ మార్గముననే స్థిరనివాసము పొందినవాడని తెలిసిన వెంటనే పథకమును నిలుపుదల చేయుచున్నట్లు ఆ దేశపు అంతర్గత భద్రతాశాఖ మంత్రి ప్రకటించినారు. ఒక్కని నేరమునకు, ఏ పాపము నెఱుగక ఫారములు నింపి వేచియున్న కుటుంబములు దిక్కుతోచక నిలిచినవి. చట్టము రద్దు గాకయే ద్వారము మూయుట సాధ్యమని ఇందువలన తెలియుచున్నది. కావున ఇకమీద ఈ త్రోవ పట్టదలచువారు ముందుగా ఆ ద్వారము తెఱచియున్నదో లేదో అమెరికా విదేశాంగశాఖ అధికార ప్రకటనలోనే చూచుకొనవలెను.

పొరుగున నున్న నేపాలును చూచినచో ఈ యాశ సమాజమున నెంత లోతుగ పాతుకొన్నదో యర్థమగును. అక్కడ “డీవీ పర్యో”, అనగా డీవీ పడినది, అనుట వాడుకమాట. దసరా దినములు, దరఖాస్తుల దినములు ఇంచుమించు కలిసివచ్చుటచేత ఖాట్మండు వీథులలో ఫొటో దుకాణములు డీవీ ఫారములు నింపుదుమని బోర్డులు కట్టెడివి. సహాయము చేయు దుకాణదారుడు తప్పుచేసినవాడు గాడు. కాని దరఖాస్తు అంగీకరింపబడినపుడు వచ్చు ధ్రువీకరణ సంఖ్య అతనియొద్దనే నిలిచిపోవుటలో ప్రమాదము గలదు. ఫలితము చూచుటకు ఆ సంఖ్యయే తాళపుచెవి. అది దళారి చేతిలో నున్నచో ఎంపికైనవాడు అతనికి బందీ. ఘానా, టోగో దేశములలో దళారులే దరఖాస్తులు పెట్టి, ఎంపికైన పేదవానికి వేఱొకరిని కాగితముమీద భార్యగానో భర్తగానో అంటగట్టి, ఆ వేఱొకరినుండి సొమ్ము పుచ్చుకొను వ్యాపారము సాగినది. ఇంటర్వ్యూలో అది బయటపడినచో వీసా పోవుటయే గాదు, మోసము చేసినవాడను ముద్రతో అమెరికా ద్వారము యావజ్జీవము మూసికొనిపోవచ్చును.

మన దేశమున ఈ మోసము వేఱు రూపమున వచ్చును. ఇ-మెయిలులో ముద్రలు, గ్రద్ద బొమ్మలు, అధికారి సంతకము ఉండును. రుసుము పంపుడని బ్యాంకు ఖాతా సంఖ్య యుండును. విదేశాంగశాఖ ఎంపికైనవారికి అభినందన లేఖలు పంపదు. దరఖాస్తుదారుడు తన ధ్రువీకరణ సంఖ్యతో అధికార వెబ్‌సైటులో తానే చూచుకొనవలెను. వీసా రుసుమును ముందుగా బ్యాంకు ద్వారా పంపుమని అడుగుటయు లేదు. దరఖాస్తే పెట్టని వానికి చీటి పడుట సాధ్యముగాదు. ఇంతమాత్రపు వివేకము చాలు, పదవీవిరమణ సొమ్ము ఇంట నిలుచుటకు.

అర్హత గల కుటుంబములకు చెప్పవలసినవి కొన్నియే. ఆరు మాసములకు లోపుగా తీయించిన ఛాయాచిత్రమునే పంపుడు. పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టులో నున్నట్లే వ్రాయుడు. ధ్రువీకరణ సంఖ్యను స్వయముగ భద్రపఱచుకొనుడు. ఎంపికైనచో పత్రములు ఆనాడే కూర్చుట ప్రారంభింపుడు. సెప్టెంబరు మీకై నిలువదు. అన్నిటికంటె ముఖ్యమైనది, వీసా ముద్ర పాస్‌పోర్టులో పడువఱకు ఇల్లమ్మకుడు, పొలమమ్మకుడు, పిల్లల చదువు మాన్పింపకుడు, ఉద్యోగమునకు రాజీనామా ఇయ్యకుడు. కేంద్ర పింఛను నిబంధనల ప్రకారము రాజీనామాతో పూర్వసేవ సామాన్యముగ కోలుపోవునని ఈ సభలో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగమన్న సామెత మన పెద్దలు ఇట్టి సందర్భములకే చేసినట్లున్నది.

భారతదేశమున పుట్టి, ఉద్యోగముల మూలమున అమెరికా చేరిన తెలుగు యువకులు వేలకొలదిగ గ్రీన్ కార్డుకై వేఱొక వరుసలో నిలిచియున్నారు. ఆ వరుసలోను నూటికి 7 అను దేశపు పరిమితియే అడ్డుగ నిలిచి, పది సంవత్సరములకు మించి వేచియుండవలసి వచ్చుచున్నది. ఒకచోట అదృష్టమునకు, ఒకచోట ఓర్పునకు పరీక్ష. రెండుచోట్లను మనిషి యోగ్యతకంటె అతడు పుట్టిన తావే ముందుగ లెక్కకు వచ్చుచున్నది. ఆ లెక్కను మార్చుట ఇక్కడి తల్లిదండ్రుల చేతిలో లేదు. చీటి పడనందుకు బిడ్డ తనను తాను నిందించుకొనకుండ చూచుట మాత్రము వారి చేతిలో నున్నది. పేరు పడినందుకు ఇల్లు చెదరకుండ కాచుకొనుటయు వారి చేతిలోనిదే. ఆశ పడుటలో దోషము లేదు. సంసారమునంతటిని ఆ చీటికి ముడివేయుటయే దోషము.