తెల్లవారి మొరాయించు ఇంజను

పగలెల్ల చక్కగా తిరిగిన బండి తెల్లవారి మాత్రము మొరాయించుట వాహనము గలవారికి తెలిసిన సంగతియే. తాళము త్రిప్పగనే ఇంజను అందుకొనును. రెండు క్షణములు వణకి ఆగిపోవును. యాక్సిలరేటరుపై కాలున్నంతసేపే దానికి ప్రాణము. పది నిమిషములలో వేడెక్కిన పిదప ఏ దోషమును లేనట్లు సాగిపోవును. మెకానిక్కు వద్దకు చేరునప్పటికి రోగము కనబడదు.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రమున నున్న మా మేనల్లునికి ఈ చిక్కే వచ్చినది. అచ్చటి చలికాలపు ఉదయములలో ఉష్ణోగ్రత సున్నకు 20 డిగ్రీలు దిగువకు పోవుట వింత కాదు. అతని బండి 1990 నాటి పాత పికప్ ట్రక్కు; కార్బ్యురేటరు లేదు, పెట్రోలును ఇంజెక్టర్లు చిమ్మును. ఒక ఉదయము కూడలి నడుమ ఇంజను ఆగి, స్టీరింగు బిగిసి, వెనుక లారీ మంచుపై జారుచు వచ్చి వెంట్రుకవాసిలో తప్పిపోయినది. భయపడి అతడు ప్లగ్గులు మార్చెను. పెట్రోలు పంపు మార్చెను. ఐడ్లింగ్ వాల్వు మార్చెను. సొమ్ము పోయినదే గాని జబ్బు పోలేదు.

మేము టెలిఫోనులో అడిగినది ఒక్కటే: "కొలిచి చూశావా, ఊహించి మార్చావా?"

"కొలవలేదు మామయ్యా. తలా ఒకటి చెప్పారు, అన్నీ మార్చాను."

చల్లని ఇంజనులో జరుగునది తెలిసినచో వెదకుట సులభము. చల్లని లోహమును తాకిన పెట్రోలు సరిగా ఆవిరి కాదు. కనుక మొదటి నిమిషములలో పెట్రోలు హెచ్చుగా కావలెను, ఇంజను కొంత వేగముగా తిరుగుటకు గాలియు హెచ్చుగా కావలెను. పాత కార్లలో చోక్ లాగి మనము చేసిన పని ఇదియే. ఇంజెక్షను బండిలో ఆ పనిని కంప్యూటరు చేయును. ఇంజను చల్లగా నున్నదని దానికి చెప్పునది శీతలజలములో మునిగియుండు చిన్న సెన్సారు.

కావున వెదకవలసిన తావులు ముఖ్యముగా మూడు. మొదటిది గాలి. ఐడ్లింగ్ వాల్వునకు మసి పట్టినను, పగిలిన రబ్బరు గొట్టము లెక్కకు రాని గాలిని పీల్చినను ఇంజను తడబడును. చలికి ముడుచుకొన్న రబ్బరు వేడికి సాగి పగులును తానే మూయవచ్చును. రెండవది పెట్రోలు. రాత్రి పైపులలో ఒత్తిడి జారిపోవుచుండవచ్చును. స్టార్టు చేయక తాళమును రెండు మూడు మారులు 'ఆన్'లో కొన్ని క్షణములుంచి, పంపును ఆడనిచ్చి, పిమ్మట స్టార్టు చేయవలెను. సులభముగా అందుకొన్నచో అనుమానము అచ్చటనే.

మూడవది ఆ సెన్సారు. చల్లగా నున్నప్పుడు దాని విద్యున్నిరోధము హెచ్చు. వేడెక్కిన కొలది తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద ఆనాటి ఫోర్డు ట్రక్కులలో అది సుమారు 37 వేల ఓములు. జనరల్ మోటార్సు వానిలో సుమారు మూడున్నర వేలే. కనుక ఆ బండి సర్వీసు పుస్తకములోని పట్టికయే ప్రమాణము.

ఈ పరీక్షలన్నియు రాత్రియంతయు నిలిచిన ఇంజనుపైననే చేయవలెను. రోగము దినమునకు ఒక్కమారే, కొలది నిమిషములే కనబడును. ఉదయమునకొక పరీక్ష చాలును.

మా మేనల్లుడు మూడవ ఉదయమున సెన్సారును కొలిచెను. గడ్డకట్టు చలిలో అది వేడి ఇంజను లెక్క చెప్పుచుండెను! దానిని నమ్మి కంప్యూటరు పెట్రోలు తగ్గించుచుండెను. మరి డాష్‌బోర్డుపై హెచ్చరిక దీపమేల వెలుగలేదు? సెన్సారు తీగ తెగినచో కంప్యూటరు పట్టుకొనును. నమ్మదగినట్లు అబద్ధమాడినచో ఆనాటి కంప్యూటరు తరచు పట్టుకొనలేదు. అతడు మార్చిన వస్తువులన్నిటికంటె చౌకయైనది ఆ సెన్సారే.

ఒక్క హెచ్చరిక. మూసిన షెడ్డులో ఇంజనును నడిపి పరీక్షింపరాదు. పొగలోని కార్బన్ మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు, ప్రాణము తీయును.

పాత బండి పనికిరాదని అమ్మివేయుటకు ముందు, కొత్త వస్తువును కొనుటకు ముందు, ఒక్క ఉదయము దాని ప్రక్కన నిలిచి కొలిచి చూడుడు. మా మేనల్లుని ట్రక్కు ఇప్పుడు యాక్సిలరేటరుపై కాలు మోపకయే ఆ చలిలో నిలకడగా తిరుగుచున్నది.