బడిదొంగయా? ఇంట చదువుకొను బిడ్డయా?
(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ఉపన్యాసము)



బడి గంట మ్రోగిన పిమ్మట వీధిలో తిరుగు పిల్లవానిని ఊరివారు బడిదొంగ యందురు. తరచుగా ఆ మాట తప్పును కాదు. కాని ఇంగ్లండు దేశమున ఆ మాట తగని పిల్లలు కలరు. వారి పేరు ఏ బడి పట్టీలోను లేదు. తల్లిదండ్రుల చెంతనే చదువుకొందురు. 2024 చివర ప్రభుత్వము వేసిన లెక్కలో వీరి సంఖ్య లక్షకు మించినది. బడి ఎగవేతను అరికట్టుటకై పుట్టిన శాసనములు వీరి యిండ్లను ఎట్లు తాకినవో విచారింపదగును.

1870 నాటి విద్యాశాసనము, అయిదు మొదలు పదమూడేండ్ల బిడ్డలను బడికి రప్పించు నిబంధనలు చేయుటకు స్థానిక సంఘముల కధికార మొసగెను. 1880లో అట్టి నిబంధనలు దేశమంతట తప్పనిసరి యయ్యెను. హాజరు అధికారులు ఇంటింటికి తిరిగిరి. పిల్లవాని కూలి డబ్బులు లేనిదే పొయ్యి వెలుగని యిండ్లు ఆనాడు పెక్కులు. అయినను ఆ మొదటి శాసనములోనే ఒక చిన్న తలుపు తెరచి యుంచబడెను: మరియొక విధమున చక్కని బోధన పొందు బిడ్డ బడికి రాకున్నను దోషము లేదు. 1944 శాసనమును ఆ తలుపును మూయలేదు. బడికి పంపియో, మరియొక విధముననో బిడ్డకు తగిన చదువు చెప్పించుట తల్లిదండ్రుల ధర్మమని యది పలికెను. అయితే సందేహము కలిగినచో చదువు అందుచున్నదని ఋజువు చేయు భారమును వారిపైననే మోపెను. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

నార్ఫోకు మండలమున జాయ్ బేకరు అను తల్లి 1950 దశకమున తన బిడ్డలను ఇంటనే చదివించెను. అధికారులు బడికి పంపుమని ఉత్తరువు లిచ్చిరి; ఆమె పంపలేదు. న్యాయస్థానములకు పిలుపులు వచ్చెను. వ్యవహారము అప్పీలు కోర్టు వరకు నడిచెను. ఏండ్ల తరబడి సాగిన ఆ పోరాటమును ఆమె 1964లో గ్రంథముగా వెలువరించెను. ఒంటరిగా నిలిచిన ఆ తల్లి మొండితనమును మెచ్చుకొనకుండుట కష్టము. కాని తలుపు తట్టిన ప్రతిసారి ఆ పిల్లల గుండెలు ఎట్లు కొట్టుకొనెనో ఏ తీర్పులోను వ్రాయబడదు. 1977లో ఇట్టి కుటుంబములు కూడి ఒక సంఘముగా నేర్పడినవి. 1980లో ఒక తీర్పు వెలువడెను: అధికారి వివరములు అడుగవచ్చును, చెప్పవలెనను నిర్బంధము తల్లిదండ్రులకు లేదు, కాని నోరు మెదపనిచో చదువు లేదనియే అధికారి తలంపవచ్చును. చెప్పకపోవుట నేరము కాదు, చెప్పకున్న క్షేమమును లేదు!

1998 నాటి మరియొక శాసనము పోలీసులకు వీధిలోనే పిల్లలను ఆపి, బడికి గాని నిర్ణయించిన చోటికి గాని కొనిపోవు అధికార మిచ్చెను. అది బడిలో పేరుండి ఎగవేయువారి కొరకు చేసినది. కాని ముఖము చూచి ఎవరు తెలిసికొనగలరు? ఉదయము పదునొకండు గంటలకు గ్రంథాలయమునకు పోవు బాలిక, తాను బడిదొంగను కానని నడివీధిలో చెప్పుకొనవలసి వచ్చును. ఇంట చదువుచున్నానని బిడ్డ చెప్పినప్పుడు, శంకింప కారణము లేనిచో విడువవలెనని ప్రభుత్వపు సూచనలు పలికినను, ఆ సిగ్గు బిడ్డకు మిగులును.

జర్మనీలో ఆ తలుపే లేదు. 2013లో పోలీసులు ఒక యింటినుండి నలుగురు బిడ్డలను కొనిపోయి, మూడు వారములు వేరుగా నుంచిరి. అది కుటుంబ జీవన హక్కునకు భంగము కాదని 2019లో ఐరోపా మానవ హక్కుల న్యాయస్థానము తీర్పు చెప్పెను. చదువు చెప్పిన నేరమునకు తల్లినుండి బిడ్డను వేరుచేయుట కఠినమే.

అయినను ప్రభుత్వపు భయము వట్టిది కాదు. 2023లో ఇంగ్లండున, ఇంట చదివింతుమని బడి మాన్పించిన ఒక బాలిక కొలది నెలలలోనే ఇంటివారి చేతులలో హతమయ్యెను. ఆమె ఒంటిమీది దెబ్బలను చూచి అడుగుటకు ఉపాధ్యాయుడు లేకపోయెను. 2024 డిసెంబరులో పార్లమెంటున ప్రవేశపెట్టిన బిల్లులో, బడికి రాని బిడ్డల పట్టిక నుంచవలెనని చేర్చుటకు ఇట్టి ఉదంతములే బలమైనవి. మంచి తల్లికి ఆ పట్టిక అవమానముగా తోచును. దెబ్బలు తిను బిడ్డకు అదియే దిక్కు కావచ్చును. ఈ రెండు నిజములలో ఒకదానిని విడిచి మాటలాడువారు ఉభయ పక్షములందును కలరు.

తెలుగునాట అరుగుమీదను, ఇంటి పెద్దల యొద్దను పెద్ద బాలశిక్ష వల్లించిన తరములు కలవు. నేడు బడిలో లేని బిడ్డను వెదకినచో, అతడు చాలచోట్ల పుస్తకము ముందుగాక ఇటుక బట్టీయొద్దనో, మేకల వెంటనో కనబడును. 2009 విద్యాహక్కు శాసనము బిడ్డను బడిలో చేర్చుట తల్లిదండ్రుల విధి యని చెప్పినది గాని, తప్పినవారికి శిక్ష విధింపలేదు. కనుక ఇచ్చట హాజరు అడుగువారి చేతిలో మిగిలినది ఇంటి గడప ముందు కూర్చుండి తల్లితో మాటలాడుటయే.