పిడుదు చిన్నదే, ముప్పు పెద్దది
(గంపలగూడెంలో జరిగిన సభలో ఒక విశ్రాంత పశువైద్య ఉద్యోగి చేసిన ప్రసంగ పాఠం)



రిటైరయ్యాక మనలో కొందరు ఇంటి పాల కోసం సంకర జాతి ఆవును పెంచుకుంటున్నారు. అందుకే పిడుదుల గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

పిడుదు రక్తం తాగి ఊరుకోదు. థైలీరియా, బబీసియా వంటి సూక్ష్మజీవులను పశువు రక్తంలోకి వదులుతుంది. సముద్రపు పక్షులకూ ఈ బెడద తప్పలేదు. దక్షిణాఫ్రికా తీరంలోని పెంగ్విన్ల రక్తంలో కూడా ఒక రకం బబీసియా ఉంది. పశువులలో టెక్సాస్ జ్వరం పిడుదుల వల్లే వస్తుందని అమెరికాలో స్మిత్, కిల్బోర్న్ 1893లో వెల్లడించారు. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమలో మలేరియా క్రిమిని చూసింది ఆ తరువాత, 1897లో.

నా సర్వీసులో ఒక పొరపాటు నేటికీ మరువలేను. ఒక వేసవిలో ఓ రైతు ఆవుకు జ్వరమొస్తే మామూలు జ్వరమనుకుని సూది వేసి వచ్చాను. రక్తం స్లైడు తీయలేదు. నాలుగో నాడు ఆవు పోయింది. ఆ ఇంటికి అదే ఆధారం.

కనుక గుర్తుంచుకోండి. జ్వరం 104 డిగ్రీలు దాటినా, భుజం ముందు బిళ్ల కట్టినా, కళ్లు పాలిపోయినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా ఆలస్యం చేయకుండా రక్తపరీక్ష చేయించండి. థైలీరియాకు బుపర్వాక్వోన్ సూది తొలిదశలో పడితేనే మేలు. కొట్టం గోడల నెర్రెలు పూడ్చండి. పిడుదులు అక్కడే దాగుతాయి. పిడుదుల మందును డాక్టరు చెప్పిన పాళ్లలోనే వాడండి.

మూగజీవి తన బాధ చెప్పుకోలేదు. రోజూ ఒకసారి ఒళ్లు నిమిరి చూడవలసింది మనమే. సెలవు.