ఆసుపత్రిలోని పసిబిడ్డ
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లు నిండిన గ్రంథాలయపు సభలో పుస్తకములను విడిచి ఆసుపత్రులను గూర్చి మాటాడ పూనుకొన్నందులకు మీరాశ్చర్యపడవచ్చును. ఈ రెంటికిని గల సంబంధమును చివర మనవి చేసెదను.

జబ్బుపడిన బిడ్డకు మందెంతయో తల్లియు నంతయేయని మన యూరి ముసలమ్మ నడిగినను చెప్పును. అయినను ఈ మాటను ఇంగ్లండు వైద్యులచేత నొప్పించుటకు చాల కాలము పట్టినది. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన పిమ్మట గూడ అచ్చటి పిల్లల వార్డులలోనికి తల్లిదండ్రులను స్వేచ్ఛగా రానిచ్చెడివారు కారు. కొన్నిచోట్ల ఆదివారమునాడు రెండు గంటలు మాత్రమే. లండనులోని యొక పేరుగల ఆసుపత్రిలో మొదటి నెల బిడ్డతో మాటాడుటయే లేదు. సాయంకాలము ఏడు ఎనిమిది గంటల నడుమ నిద్రించుచున్న బిడ్డను చూచి పోవచ్చును! ఇందులకు కారణము క్రౌర్యము కాదు. బయటివారివలన అంటురోగములు వచ్చునను భయ మొకటి. తల్లి వచ్చి వెళ్లినప్పుడెల్ల బిడ్డ ఏడ్చును, రాకున్న ఊరకుండునను అనుభవము మరియొకటి. ఆ యూరకుండుటనే వారు స్వస్థత యనుకొనిరి.

దాని మర్మమును పట్టుకొన్నవాడు జేమ్స్ రాబర్ట్‌సన్. ఆయన వైద్యుడు కాడు. యుద్ధకాలమున అనా ఫ్రాయిడు నడపిన శిశుగృహములలో బాయిలరు చూచుకొనుచు, చిల్లర మరమ్మతులు చేయుచు నుండినవాడు. ఆయన భార్య జాయిస్ అచ్చటనే పిల్లల పోషణలో పనిచేసెడిది. 1948లో ఆయన జాన్ బౌల్బీ వద్ద చేరి, వార్డులలో కూర్చుండి పిల్లలను గమనించుటయే పనిగా పెట్టుకొనెను. తల్లికి దూరమైన పసిబిడ్డ మొదట పెనుగులాడి ఏడ్చును. పిదప ఆశ వదలి క్రుంగిపోవును. తుదకు ఎవ్వరును అక్కరలేనట్లు తేరుకొని కనబడును. తల్లి వచ్చినను లెక్కచేయదు. అలవాటుపడినదని నర్సులు సంతోషించినది ఈ మూడవ దశను చూచియే!

నోటిమాట నెవరును నమ్మనందున 1952లో ఆయన యొక చలనచిత్రము తీసెను. లారా యను బాలిక, రెండేండ్ల అయిదు నెలల వయస్సుది, బొడ్డు హెర్నియా శస్త్రచికిత్సకై ఎనిమిది దినములు ఆసుపత్రిలో నుండినది. తనకు వలసినవి మాత్రమే ఏరి తీసెనను నింద రాకుండుటకై ప్రతిదినము నియమిత సమయములందే తీసెను. గోడగడియారము చిత్రములో కనబడుచునే యుండును. ఆ పిల్ల గోలపెట్టదు. నడుమ నడుమ అమ్మ యేదని యడిగి, ఏడ్పును దిగమ్రింగుకొనును. చిత్రమును చూచిన వైద్యులలో పలువురు మండిపడిరి. కాని 1959లో సర్ హ్యారీ ప్లాట్ అధ్యక్షతను గల ప్రభుత్వసంఘము, తల్లిదండ్రుల రాకపై నిర్బంధము తీసివేయవలెననియు, అయిదేండ్లలోపు పిల్లలతో తల్లులనుగూడ చేర్చుకొనవలెననియు సిఫారసు చేసెను. అది అమలు జరుగుటకు మరల తల్లులే సంఘములు కట్టి పోరాడవలసివచ్చినది. న్యూకాసిల్ నగరమున జేమ్స్ స్పెన్స్ అను వైద్యుడు 1920 దశకమునందే తల్లులను బిడ్డలతో నుంచుకొనుచుండెను గదా, ఎవరు వినిరి?

పిల్లలు గట్టివారు, మరచిపోవుదురని మనమును అనుచుందుము. గట్టివారే. అయితే తల్లి ఒడిలో వెక్కివెక్కి ఏడ్చిన బిడ్డ త్వరగా తేరుకొనుననియు, మౌనముగా గోడవైపు తిరిగి పండుకొన్న బిడ్డను గూర్చియే భయపడవలెననియు నా యభిప్రాయము.

మన ప్రభుత్వాసుపత్రులలో తల్లి మంచముప్రక్క నేలమీద నైనను పండుకొనును. నర్సుల కొరతవలన కలిగిన యాచారమైనను ఇది మేలైనదే. ఆమెకొక చాపయు, అన్నమును ఏర్పాటుచేయుట మాత్రము మిగిలియున్నది. లేమివలన మేలు కలుగుట మరియొకచోట గూడ కలదు. 1978లో కొలంబియా దేశపు బొగోటా నగరమున, నెలలు నిండని శిశువులకు వెచ్చని పెట్టెలు చాలక, ఎడ్గర్ రే అను వైద్యుడు వారిని తల్లుల రొమ్ములకే ఆనించి కట్టించెను. కంగారు పద్ధతి యని దానికి పేరు. పుట్టినది మొదలు వీలైనంత త్వరలో దీనిని ఆరంభింపవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2022లో చెప్పినది.

ఇంక మన యిండ్లమాట. అల్లరిచేసిన డాక్టరుచేత సూది పొడిపించెదనని బెదరింతుము. తీరా తీసికొనిపోవునాడు సూది వేయరని బొంకుదుము. బిడ్డ రెండు విధములను మోసపోవును. నొప్పియుండును, కొంచెముసేపే, నేను చేయి పట్టుకొందునని చెప్పిన చాలును. వాడుకలోనున్న దుప్పటిగాని, విరిగిన బొమ్మగాని వెంట తీసికొనిపోవుడు, మాసియున్నదని సిగ్గుపడవలదు.

ఇప్పుడు పుస్తకముల సంగతి. మన గ్రంథాలయములో పిల్లల కథలపుస్తకములు కొన్ని రెండేసి ప్రతులున్నవి. రెండవ ప్రతులనొక పెట్టెలో పెట్టి మన ప్రాంతపు ఆసుపత్రి పిల్లల వార్డునకు పంపుదమని నా ప్రార్థన. చదువురాని తల్లులకు చదివి వినిపించుటకు వారమున కొకరు వంతున పోవలెను. కొన్ని పుస్తకములు తిరిగిరావు, కొన్ని చినుగును. వాటిని నష్టపు ఖాతాలో వ్రాయవలదని కార్యదర్శిగారిని ముందుగనే కోరుచున్నాను. మొదటి వారము నేను పోయెదను; రెండవ వారమునకు పేరు ఇయ్యగోరువారు సభానంతరము నన్ను కలిసికొనవలెను.