కాక్లియర్ ఇంప్లాంట్: లోపలికి వెళ్లిన వైరు సరిగ్గా కూర్చుందా?

కాక్లియర్ ఇంప్లాంట్ అనగానే ఖర్చెంత, ఆరోగ్యశ్రీలో వస్తుందా, ఏ వయసులో చేయించాలి అని అడుగుతారు. ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. చెవి లోపలికి ఎలక్ట్రోడ్ తోశాక అది సరైన చోటే ఉందని ఆపరేషన్ థియేటర్లోనే ఎలా తెలుస్తుంది? ఈ రోజు దాని గురించే.

నేను ఆడియాలజిస్టుని. సర్జన్ మైక్రోస్కోప్ దగ్గరుంటే నేను మూలన ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంటాను. కుట్లు వేసే ముందు ఆ కొద్ది నిమిషాలే నా డ్యూటీ.

ముందు లోపల ఏముందో చూద్దాం. కాక్లియా అంటే నత్తగుల్లలా చుట్టుకున్న ఎముక గొట్టం. బఠానీ గింజంత ఉంటుంది. దాదాపు రెండున్నర చుట్లు. విప్పి సాగదీస్తే అటూ ఇటూగా 35 మిల్లీమీటర్లు. అందులో ఎలక్ట్రోడ్ వెళ్లాల్సింది కింది అరలోకి. దాన్ని స్కాలా టింపనీ అంటారు. పై అరకీ దానికీ మధ్య చాలా పల్చటి పొర ఉంటుంది. వైరు ఆ పొరని చీల్చుకుని పైకి పోతే, పిల్లాడికి మిగిలున్న కాస్త వినికిడి కూడా పోవచ్చు.

ఇంకో సంగతి. ఈ గొట్టంలో శబ్దాలకి ఒక వరస ఉంది. గుమ్మం దగ్గర కీచు శబ్దాలు, లోపలికి వెళ్లేకొద్దీ బొంగురు శబ్దాలు. హార్మోనియం మెట్ల లాగా అనుకోండి. ఎలక్ట్రోడ్ మీద కంపెనీని బట్టి 12, 16 లేదా 22 కాంటాక్టులుంటాయి. ఒక్కో కాంటాక్టు ఒక్కో మెట్టు నొక్కాలి. వరస తప్పితే శబ్దం వినపడుతుంది, మాట మాత్రం అర్థం కాదు.

అసలు ఈ చుట్లలోకి వైరు తోయడమే మొదట్లో పెద్ద చిక్కు. ఆస్ట్రేలియాలో గ్రేమ్ క్లార్క్ అనే డాక్టరు గారు 1977లో సముద్రపు ఒడ్డున కూర్చుని, దొరికిన గవ్వలోకి గడ్డిపరకలు దూర్చి చూశారు. కొస మెత్తగా, మొదలు గట్టిగా ఉన్న పరక చుట్టు తిరుగుతూ లోపలికి వెళ్లింది. మరుసటి ఏడాదే, 1978లో, మెల్‌బోర్న్‌లో ఆయన తొలి మల్టీఛానల్ ఇంప్లాంట్ పెట్టారు. నాకైతే ఎన్నిసార్లు చెప్పినా తనివి తీరని కథ ఇది.

సరే, థియేటర్లోకి వద్దాం. సర్జన్‌కి గుమ్మం వరకే కనిపిస్తుంది. ఆ తర్వాత అంతా చేతి స్పర్శే. కాబట్టి పరీక్షలు చేస్తాం. మొదటిది ఇంపీడెన్స్. ప్రతి కాంటాక్టు నుంచీ కరెంటు సరిగ్గా పోతోందా, ఎక్కడైనా తెగిందా, రెండు కలిసిపోయాయా అని చూడటం. ఒక్కోసారి గాలి బుడగ అడ్డుపడి తప్పు చూపిస్తుంది. కాస్త ఆగి మళ్లీ చూస్తే మామూలైపోతుంది. రెండోది నరం జవాబు. చిన్న కరెంటు పల్స్ పంపితే వినికిడి నరం ఇచ్చే స్పందనని ఆ ఎలక్ట్రోడే పట్టి మనకి చూపిస్తుంది. ఇది రాకపోతే ఇంప్లాంట్ ఫెయిలని కాదు. బల్ల మీద స్పందన రాని పిల్లలు కూడా తర్వాత బాగానే విన్నారు. మూడోది, మధ్య చెవిలోని స్టెపీడియస్ కండరం టక్కున కదలడం. దీన్ని సర్జన్ మైక్రోస్కోప్‌లో కళ్లారా చూస్తారు. కానీ మత్తు బాగా లోతుగా ఉంటే అది కదలదు. అందుకే మత్తు డాక్టరు గారిని బతిమాలుకోవాలి, 'కొంచెం తగ్గించండి సార్' అని.

ఇవన్నీ బాగుంటే పనైపోయినట్టేనా? ఇక్కడే ఉంది అసలు విషయం.

ఒకసారి మూడేళ్ల పాప. ముందే వంపు తిరిగి ఉండే రకం ఎలక్ట్రోడ్. నా స్క్రీన్ మీద అన్నీ పచ్చగా ఉన్నాయి. నరం జవాబు కూడా వచ్చింది. కుట్లు వేయబోతుంటే సర్జన్ గారు అలవాటుగా ఎక్స్‌రే అడిగారు. చూస్తే, సూదిలోకి ఎక్కించేటప్పుడు దారం కొస మడతపడుతుంది చూడండి, అచ్చం అలాగే వైరు కొస వెనక్కి తిరిగి ఉంది. దీన్ని టిప్ ఫోల్డ్ ఓవర్ అంటారు. మడతపడినా కాంటాక్టులు ద్రవంలోనే ఉంటాయి, కరెంటు పోతూనే ఉంటుంది. అందుకే ఇంపీడెన్స్‌కి దొరకలేదు. మెల్లగా బయటికి తీసి, మళ్లీ సర్ది, లోపలికి పంపారు. రెండో ఎక్స్‌రేలో చుట్టు చక్కగా వచ్చింది. బయట కూర్చున్న వాళ్ల నాన్నకి ఆలస్యం ఎందుకైందో చెబితే ఆయన ఏమీ మాట్లాడలేదు, అలా గోడకి ఆనుకుని నిలబడిపోయారు.

ఇంకో బాబు. వేరే చోట సర్జరీ అయ్యి, చాలా నెలల తర్వాత మ్యాపింగ్ కోసం నా దగ్గరికొచ్చాడు. థెరపీకి ఒక్క రోజు మానలేదు, అయినా మాటలు రావట్లేదు. 'వీడికి బుర్ర లేదేమో అనుకున్నాం మేడం' అంది వాళ్లమ్మ. ఎక్స్‌రే తీయిస్తే కొస మడత. మడతపడిన కాంటాక్టులు ఆపేసి కొత్తగా మ్యాప్ చేశాం. కొంత మెరుగయ్యాడు. కానీ పోయిన ఆ నెలలు? ఆ వయసులో మెదడు మాట నేర్చుకునే నెలలవి.

ఇప్పుడు ట్రాన్స్ ఇంపీడెన్స్ అనే కొలత కూడా వచ్చింది. ఒక కాంటాక్టు నుంచి కరెంటు వదిలి, మిగతా వాటి దగ్గర వోల్టేజి కొలుస్తారు. దగ్గర ఎక్కువ, దూరం వెళ్లేకొద్దీ తక్కువ రావాలి. దూరంగా ఉండాల్సిన కాంటాక్టు దగ్గర ఉన్నట్టుండి పెరిగితే, అది మడతపడి దగ్గరికొచ్చిందన్నమాట. రేడియేషన్ లేదు, నిమిషాల్లో అయిపోతుంది. అయినా నా ఓటు ఎక్స్‌రేకే. అదీ మామూలు తల ఎక్స్‌రే కాదు, కాక్లియా చుట్టు కనపడేలా తల కోణం మార్చి తీసేది, స్టెన్వర్స్ వ్యూ అంటారు. లోపలి చెవి పుట్టుకతోనే సరిగ్గా ఏర్పడని పిల్లలకైతే అస్సలు వదలకూడదు. వాళ్లలో వైరు మెదడు వైపు నరాల దారిలోకి కూడా జారొచ్చు.

మీ ఇంట్లోనో, తెలిసినవాళ్లకో ఈ సర్జరీ ఉంటే ముందు రోజే అడగండి: 'సార్, కుట్లు వేసే ముందు ఎక్స్‌రే తీస్తారా?' అని. ఇందులో మొహమాటం అక్కర్లేదు, మంచి సర్జన్ ఎవరూ విసుక్కోరు. డిశ్చార్జి రోజు ఆ ఎక్స్‌రే, ఇంపీడెన్స్ ప్రింటు ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. రేపు ఇంకో ఊళ్లో మ్యాపింగ్‌కి వెళ్తే, నాలాంటి వాళ్లు మొట్టమొదట అడిగేది అవే.

స్విచ్ ఆన్ రోజు ఏం జరుగుతుందో వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం. ఉంటాను మరి.