దేహబలము – దాని సాధన
(వార్షిక మహాసభయందు చేయబడిన ఉపన్యాసము)



ఈ మహాసభయందు పిల్లల చదువును గూర్చియు, పడవలపై చేసిన ఋణములను గూర్చియు, వేట నిషేధకాలమున మనవారికి అందవలసిన భృతిని గూర్చియు వక్తలు విపులముగా ప్రసంగించి యున్నారు. నాకు నియమింపబడిన విషయము దేహబలము. ఇంతటి సమస్యలుండగా కండల ప్రసక్తి యెందులకని కొందరికి తోచవచ్చును. కాని కడలిపై బ్రతుకువారికి మొదటి మూలధనము దేహమే. పడవ పోయిన అప్పు తెచ్చి కొనవచ్చును; నడుము పోయిన ఏ బ్యాంకియు నడుము నియ్యదు. కావున ఈ విషయమునకు కొంతకాలము వినియోగించుట వ్యర్థము కాదని మనవి.

మనలో నలుగురు కూడినచోట తరచుగా వినవచ్చు మాట యొకటి కలదు: "బలము మన రక్తములోనే యున్నది." ఈ మాట చెవికింపైనది. సభలలో చప్పట్లు తెచ్చునది. కాని యిది నిజమేనా? నిజము కానిచో, దానిని నమ్మి మనము కోల్పోవుచున్న దేమి? ఈ రెండు ప్రశ్నలకు సమాధానము చెప్పుటయే నా ప్రయత్నము.

మన తాతల బలము కట్టుకథ కాదు. మైపాడు, ఇసకపల్లి, తుమ్మలపెంట, జువ్వలదిన్నె మొదలగు తావుల వృద్ధులు నేటికిని సాక్ష్యము చెప్పగలరు. వేటనుండి తిరిగివచ్చిన పిమ్మట తెప్ప కట్టువిప్పి, నీరుపీల్చి బరువెక్కిన దుంగలను భుజములపై నిడుకొని ఇసుకమెట్ట యెక్కుట వారికి నిత్యకృత్యము. అలివి వల వేసిన దినమున రెండు త్రాళ్లను రెండు జట్లు పట్టి గంటలకొలది ఒడ్డునకు లాగుట మరియొకటి. స్త్రీలు చేపలతట్టలను తలపై నెత్తుకొని క్రోసులకొలది నడచి సంతలకు పోయెడివారు. బకింగుహాము కాలువపై సరకుపడవలకు గాలి లేనప్పుడు త్రాడు భుజమున తగిలించుకొని గట్టువెంబడి లాగినవారును మనుష్యులే.

ఇట్టి పని పదియేండ్ల ప్రాయమున చిన్న బరువుతో మొదలై, ఏటేట పెరిగి, ఇరువదియేండ్లకు పూర్ణభారము నందెడిది. వారికి తెలియకయే వారు చేసినది గొప్ప వ్యాయామము. నేడు ఫైబరు పడవలకు ఇంజనులు వచ్చినవి. కొన్ని తావుల ట్రాక్టరు పడవను ఒడ్డున కీడ్చుచున్నది. ఇది మేలే, వెన్ను విరుగు చాకిరి తగ్గుట కెవరు విచారింతురు? కాని రక్తము మారలేదు గదా! అదే రక్తముగల మనుమడు తాత యెత్తిన దుంగను కదల్చలేకున్నా డేల? బలము రక్తమున లేదు, పనిలో నుండినదనుటకు ఇంతకు మించిన నిదర్శన మక్కరలేదు.

ఇక మన తెలుగుదేశమున ప్రఖ్యాతి గాంచిన బలశాలుల చరిత్రలను పరిశీలింతము.

మొదట స్మరింపదగినవారు కోడి రామమూర్తి నాయుడుగారు. ఉత్తరాంధ్రమునందలి వీరఘట్టము వారి జన్మస్థానము. విజయనగరమున సాము, కుస్తీ అభ్యసించి, మద్రాసున సైదాపేటయందు వ్యాయామవిద్యలో శిక్షణ పొంది, విజయనగరముననే వ్యాయామోపాధ్యాయులై, తరువాత స్వయముగా సర్కసు కంపెనీ నెలకొల్పిరి. ఱొమ్ముకు చుట్టిన యినుపగొలుసును ఊపిరి పూరించి తెంచుట, రెండు మోటారుకార్లను ఇరుచేతుల నిలిపివేయుట, ఱొమ్ముపై ఏనుగును నిలుపుకొనుట వారి ప్రదర్శనములు. 'కలియుగ భీముడు', 'ఇండియన్ హెర్క్యులిస్' అను బిరుదులతో దేశవిదేశములందు ప్రసిద్ధులైరి. 1942లో ఒరిస్సా ప్రాంతమందలి బలంగీరున మరణించిరి. అంతటి బలశాలి శాకాహారి యగుట విశేషము.

ఇందు గమనింపవలసిన దేమి? ఆయన పుట్టుకతోనే గొలుసులు తెంపలేదు. గురువు, తాలింఖానా, క్రమశిక్షణ, ఏండ్లకొలది అభ్యాసము - ఇవి ముందు, బిరుదులు వెనుక. మరియొక మాట. భారమును మోయు ప్రదర్శనలలో బలముతోపాటు యుక్తియు ఉండును. సాధారణముగా వెడల్పైన పలకపై భారము విస్తరించును. ఎముకలు స్తంభములవలె నిలుచును. ఆ కిటుకులు తెలియక అనుకరించువారికి ప్రక్కటెముకలు విరుగును. కావున మన యువకులు అనుకరింపవలసినది ఏనుగును కాదు, సాధనను.

రెండవ చరిత్ర శ్రీమతి కరణం మల్లీశ్వరిగారిది. శ్రీకాకుళము జిల్లా ఆమదాలవలస సమీపమున నున్న ఊసవానిపేట చిన్న పల్లె. అచట నీలంశెట్టి అప్పన్నగారి యొద్ద బరువులెత్తుట నేర్చిన యీ బాలిక 1994, 1995 సంవత్సరములలో ప్రపంచ విజేత యయ్యెను. ఒలింపిక్ క్రీడలలో స్త్రీలకు బరువులెత్తు పోటీలు మొదటిసారి పెట్టినది 2000 సంవత్సరమున సిడ్నీ నగరమునందు. ఆ మొదటి అవకాశముననే ఆమె 69 కిలోల తరగతిలో స్నాచ్ నందు 110, క్లీన్ అండ్ జర్క్ నందు 130, మొత్తము 240 కిలోలెత్తి కాంస్యపతకము గెలిచెను. ఒలింపిక్ పతకము నందిన తొలి భారతీయ వనిత ఆమెయే. ఆడుపిల్లకు బరువులేల యని వాదించు పెద్దలకు ఒక్క ప్రశ్న: మన తల్లులు తలపై మోసిన తట్టలు దూదితో నిండియున్నవా?

మూడవ చరిత్ర మనకు మిక్కిలి సమీపమైనది. మన వాదమునకు కీలకమైనది. బాపట్ల ప్రాంతమున స్టువార్టుపురమను గ్రామము కలదు. 1871లో పుట్టి, 1911 నాటి చట్టముతో మద్రాసు రాజధానికి విస్తరించిన నేరజాతుల శాసనము క్రింద, ఎరుకల కుటుంబములను నిర్బంధించి యుంచుటకు వెలసిన సెటిల్మెంటు అది. అట్టి సెటిల్మెంటు మన కావలియందును ఉండెడిది. నేరము రక్తమున నున్నదని నాటి ప్రభుత్వము నమ్మెను. పసిబిడ్డకును నేరస్థుడను ముద్ర వేసెను. 1952లో ఆ శాసనము రద్దయినను లోకుల నోట ముద్ర తొలగలేదు. ఆ గ్రామమునుండి రాగాల వెంకట రాహుల్ అను యువకుడు బయలుదేరెను. తండ్రియే బరువులెత్తు ఆటగాడు. బాలుడు హకీంపేట క్రీడాపాఠశాలలో పెరిగెను. 2014లో యువజన ఒలింపిక్సున రజతము, 2018లో ఆస్ట్రేలియాలో జరిగిన కామన్వెల్తు క్రీడలలో 85 కిలోల తరగతిని మొత్తము 338 కిలోలెత్తి స్వర్ణము గెలిచెను.

సోదరులారా! నేరము రక్తమున నున్నదనుట ఎంత యసత్యమో, బలము రక్తమున నున్నదనుటయు అంత యసత్యమే. మొదటి యసత్యము ఇతరులు ఒక కులమును క్రుంగదీయుటకు చెప్పినది. రెండవది మనలను మనము నిద్రపుచ్చుకొనుటకు చెప్పుకొనునది. ఎముకల కొలత, కండరపు స్వభావము పుట్టుకతో కొంత భేదించునన్న మాట వాస్తవమే. కాని ఆ భేదము మనిషికి మనిషికి నుండునది. ఏ కులమున వెదకినను బలిష్ఠులును గలరు, దుర్బలులును గలరు.

అట్లయిన బలము పెరుగు విధమెట్టిది? దీనికి మన అలివి వలయే చక్కని దృష్టాంతము. త్రాడు పట్టిన ముప్పదిమందియు తలయొక క్షణమున లాగిన వల కదలదు. 'హైలెస్సా' యని పాట యెత్తినవాని గొంతునకు అందరును ఒక్కుమ్మడి లాగినచో వల కదలును. మన కండరమున వేలకొలది పోగులుండును. వానికి పాట యెత్తువి నాడులు. సాధన ప్రారంభించిన మొదటి వారములలో కండ యంతగా పెరుగదు; పోగుల నన్నిటిని ఏకకాలమున పనిచేయించుట నాడులు నేర్చుకొనును. అందుచేతనే చూపులకు బక్కపలుచని వాడును ఎక్కువ భారమెత్తగలడు. కొన్ని వారములు గడచిన పిదప పోగులు లావెక్కును. కండరమును ఎముకకు బంధించు స్నాయువులు మాత్రము మెల్లగా, నెలలమీద గట్టిపడును. తొందరపడి భారము పెంచువారికి గాయములగుటకు ముఖ్యకారణ మిదియే.

క్రీస్తుపూర్వము ఆరవ శతాబ్దమున గ్రీకుల నగరమగు క్రోటనులో మైలో అను మల్లు డుండెను. అతడు దూడను దినదినము ఎత్తుచు, అది ఎద్దయినప్పుడును ఎత్తగలిగెనని కథ. కథ యతిశయోక్తి కావచ్చును గాని సూత్రము సత్యము: మెల్లమెల్లగా భారము పెంచవలెను. దానికి తోడు విశ్రాంతి కావలెను. కండ పెరుగునది బరువెత్తునప్పుడు కాదు. తరువాత తిండియు నిద్రయు అందినప్పుడు. వారమునకు రెండు మూడు దినములు శ్రద్ధగా చేయు సాధన, ప్రతిదినము చేయు మొరటు ప్రయాసకంటె మేలు. దండీలు, బస్కీలు, కర్లాలు, సంగిడీలు మన పూర్వపు తాలింఖానాలలో నుండినవే. ఇనుపబార్లు లేనిచోట ఇసుకబస్తాయు పనికివచ్చును.

ఆహారమన్న మనకు కొదువ యేమి? బలసాధన చేయువానికి దేహపు బరువులో కిలో యొకటికి దినమునకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు చాలునని నేటి శాస్త్రము చెప్పుచున్నది. అనగా 60 కిలోల యువకునికి 96 గ్రాములు. నెత్తళ్లు, కవళ్లు, కానాగంతలు, ఇంట పప్పు, గ్రుడ్లు ఉండగా అంగడిలోని రంగురంగుల పొడిడబ్బాలతో పనిలేదు. మేలైన చేప నంతయు వ్యాపారికి తూచి, బిడ్డలకు రసముతో అన్నము పెట్టు నలవాటు మాత్రము మానవలెను. ఒంగోలు గిత్తను బండలాగు పందెమునకు సిద్ధపరచు రైతు దానికి ఉలవలు, పత్తిగింజలు ఎంత శ్రద్ధగా పెట్టునో చూచితిమి. ఆ గిత్త జాతియే మన జిల్లా పేరున 'నెలోర్' అని బ్రెజిలు దేశమంతట వ్యాపించినది. పశువునకు చూపు శ్రద్ధ బిడ్డకు చూపరాదా?

రెండు శత్రువులను గూర్చి హెచ్చరింపక తప్పదు. మొదటిది మందులు. పట్టణపు వ్యాయామశాలలలో కొందరు త్వరగా కండలు వచ్చునని సూదులు, మాత్రలు అంటగట్టుచున్నారు. అవి గుండెను, కాలేయమును, సంతానశక్తిని చెరచును. గౌరవమును సైతము హరించును. 2014లో గ్లాస్గో కామన్వెల్తు క్రీడలలో విజయనగరము జిల్లా కొండవెలగాడకు చెందిన మత్స సంతోషిగారు 53 కిలోల తరగతిలో కాంస్యము గెలిచిరి. ఆ పోటీలో మొదటి స్థానము పొందిన క్రీడాకారిణి నిషిద్ధౌషధము వాడినట్లు తేలగా, ఆ స్వర్ణము రద్దయి, సంతోషిగారికి రజతము దక్కెను. దొంగబలము నిలువదు.

రెండవ శత్రువు మద్యము. 1992లో మన జిల్లా దూబగుంట స్త్రీలు సారా అంగడిని మూయించిరి. వర్ధినేని రోశమ్మగారి పేరు రాష్ట్రమంతట మారుమ్రోగెను. 1993లో ప్రభుత్వము సారాను నిషేధించెను. ఆ తల్లుల చేతులలో సంగిడీలు లేవు. అయినను అదియు బలమే. పగటి సాధనను రాత్రి సీసాలో ముంచువానికి ఏ గురువును సాయపడలేడు.

వృద్ధులు తమకిది సంబంధింపదని తలపరాదు. 1990లో బోస్టను నగరమున వృద్ధాశ్రమవాసులైన తొంబదేండ్లవారు ఎనిమిది వారములు వైద్యుల పర్యవేక్షణలో కాళ్లకు భారములతో సాధన చేయగా, వారి కాళ్ల బలము సగటున రెండింతలకు మించెను. త్రాళ్లు లాగి నడుములరిగిన మన పెద్దలకు వైద్యుని సలహాతో చేయు మితసాధన పడక తప్పించు ఔషధము.

కడపట ఒక విన్నపము. ఈ యేడు సంఘనిధితో ఊరి మొదట స్వాగతతోరణము కట్టవలెనను ప్రస్తావన సభయెదుట నున్నది. తోరణము క్రింద మన బిడ్డలు నడతురు. కాని తోరణము వారికి నడచు శక్తి నియ్యదు. ఆ ధనముతో తొలుత మూడు పాళెములలో మూడు తాలింఖానాలు, వానికి శిక్షణ పొందిన ఒక ఉపాధ్యాయుని, బాలికలకు ప్రత్యేకముగా ఒక వేళను ఏర్పరచుడని ప్రార్థించుచున్నాను. తలుపులు మన కులమువారికే కాక, పాళెమునందలి యే బిడ్డకైనను తెరచియుండవలెను. 1989 నవంబరున కావలి తుపాను నాడుగాని, 2004 డిసెంబరున సునామీ నాడుగాని కెరటము కులమడుగలేదు. నీట చిక్కినవానిని లాగు చేయియు కులమడుగరాదు.

దురాయి వేసిన మాటకు పాళెమంతయు కట్టుబడు ఆచారము మనది. వారమునకు మూడు దినముల సాధనకు మన యువకులు కట్టుబడలేరా? పెద్దలు ఈ విషయమున ఒక తీర్మానము గావించి, రాబోవు మహాసభనాటికి దాని ఫలితమును సభయెదుట నిలుపుదురుగాక యని ఆశించుచున్నాను.